ఏఐ ఏజెంట్లు చదివే వివరణ పత్రాలు

సాఫ్ట్‌వేర్ రంగంలో ప్రోగ్రాములు రాయడం ఎంత పాత పనో, వాటిని ఎలా వాడాలో వివరించే పత్రాలు రాయడం కూడా దాదాపు అంత పాత పనే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు 1971 నవంబరులో దాని తొలి మాన్యువల్‌ను వెలువరించినప్పుడు, ప్రతి కమాండ్‌నూ విడిగా తీసుకుని, పేరు, వాడే తీరు, వివరణ, సంబంధిత ఫైళ్లు, తెలిసిన లోపాలు వంటి శీర్షికల కింద విషయాన్ని పొందుపరిచారు. తమ సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను తామే మాన్యువల్‌లో అచ్చువేసుకునే నిజాయితీ నేటికీ అరుదే. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు ఇటువంటి పత్రాలను చదివినవాళ్లు, చదవకుండా పక్కన పెట్టినవాళ్లు కూడా మనుషులే. పత్రం అస్పష్టంగా ఉంటే తోటి ఉద్యోగిని అడిగో, నాలుగు సార్లు ప్రయత్నించి చూసో వాళ్లు పని నెట్టుకొచ్చేవారు కాబట్టి, రాసినవారి నిర్లక్ష్యం పెద్దగా బయటపడేది కాదు. ఇటీవలి సంవత్సరాలలో ఏఐ ఏజెంట్లు ఈ పత్రాలను చదవడం మొదలుపెట్టడంతో ఆ నిర్లక్ష్యానికి మరుగు లేకుండా పోయింది.

ఏఐ ఏజెంట్ అంటే, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకోకుండా, అప్పగించిన పనిని అంచెలంచెలుగా తానే చేసుకుపోయేలా అమర్చిన కృత్రిమ మేధ వ్యవస్థ. దాని కేంద్రంలో ఉండేది చాట్‌జీపీటీ, క్లాడ్, జెమినై వంటి సేవల వెనుక పనిచేసే భాషా నమూనాయే. ఆ నమూనాకు స్వయంగా చేతనైనది అక్షరాలను వెలువరించడం ఒక్కటే. రైలు టికెట్ కొనడం, బ్యాంకు ఖాతాలో నిల్వ చూడడం, ఫైలును తెరవడం దానికి నేరుగా సాధ్యం కావు. అందువల్ల ఆ పనులు చేసే చిన్న చిన్న ప్రోగ్రాములను దానికి అందుబాటులో ఉంచుతారు. వీటినే టూల్స్ అంటారు. ప్రతి టూల్‌కూ ఒక పేరు, అది ఏం చేస్తుందో తెలిపే వివరణ, దానికి ఇవ్వవలసిన సమాచారపు పట్టిక ఉంటాయి. ఈ మూడింటినీ సంభాషణతో పాటు నమూనాకు ముందే చూపిస్తారు. పని మధ్యలో ఒక టూల్ అవసరమని నమూనా భావిస్తే, ఫలానా టూల్‌ను ఫలానా విలువలతో నడపమని ఒక నిర్ణీత రూపంలో రాసి ఇస్తుంది. ఆ రాతను వేరొక ప్రోగ్రాము అందుకుని టూల్‌ను నడిపి, వచ్చిన ఫలితాన్ని తిరిగి నమూనా ముందు ఉంచుతుంది.

ఈ ఏర్పాటు కొద్ది కాలంలోనే రూపుదిద్దుకుంది. ఆలోచనను, చర్యను ఒకదాని వెంట ఒకటి నడిపించే రియాక్ట్ పద్ధతిని ప్రిన్స్‌టన్, గూగుల్ పరిశోధకులు 2022 అక్టోబరులో ప్రతిపాదించారు. క్యాలిక్యులేటర్, క్యాలెండర్ వంటి టూల్స్‌ను ఎప్పుడు పిలవాలో నమూనాకు నేర్పవచ్చని మెటా సంస్థ పరిశోధకులు 2023 ఫిబ్రవరిలో టూల్‌ఫార్మర్ అనే పరిశోధనలో చూపారు. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో ఈ సౌకర్యాన్ని ప్రోగ్రామర్లందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క తీరులో టూల్స్ రాయవలసిన అవస్థను తప్పించడానికి ఆంత్రోపిక్ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి ఒప్పందాన్ని విడుదల చేయగా, పోటీ సంస్థలు కూడా కొద్ది నెలల్లోనే దాన్ని స్వీకరించాయి. ఎంసీపీ అని పిలిచే ఈ ఒప్పందం ప్రకారం టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్‌ల పట్టిక ఏ గడిలో ఉండాలో నిర్ణయమై ఉంది. ఆ గడిలో రాసిన మాటలు అర్థవంతంగా ఉన్నాయా, అవి నిజమేనా అన్నది మాత్రం ఏ ఒప్పందమూ తేల్చే విషయం కాదు.

ఇక్కడ ఒక మౌలికమైన సంగతిని గుర్తించవలసి ఉంది. మనిషికి టూల్ వేరు, దాని వివరణ వేరు. ప్రోగ్రామర్ కావాలంటే లోపలి కోడ్‌ను తెరిచి చూసుకుంటాడు, పాత ఈమెయిళ్లు వెతుకుతాడు. ఏజెంట్‌కు సాధారణంగా కనిపించేది వివరణ మాత్రమే కనుక, దాని వరకు ఆ వివరణే టూల్. ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాతో ఏజెంట్‌ను పోల్చడం ఈ రంగంలో పరిపాటి అయింది, ఆ పోలిక కొంతవరకు సరైనదే: తెలివితేటలు ఉన్నాయి, ఆ ఆఫీసు ఆనవాయితీలు తెలియవు. అయితే కొత్త గుమాస్తా సందేహం వస్తే పక్క సీటులోని వారిని అడుగుతాడు, నిన్న తిన్న చీవాట్లను ఇవాళ గుర్తుంచుకుంటాడు. ఏజెంట్ సాధారణంగా ప్రతి సంభాషణలోనూ మళ్లీ మొదటి రోజు ఉద్యోగిగానే వస్తుంది. వివరణలో ఖాళీ కనిపించినప్పుడు అది చాలాసార్లు ఆగి అడగదు. తాను శిక్షణలో చదివిన కోట్లాది పుటలలో అటువంటి చోట సాధారణంగా ఏముంటుందో దాన్నే ఊహించి నింపేస్తుంది. ఆ ఊహ చూడడానికి ఎంతో సహజంగా ఉండడం వల్ల తప్పును పట్టుకోవడం మరింత కష్టమవుతుంది.

అటువంటి ఊహలు ఎక్కువగా దెబ్బతీసేది కొలతలు, ప్రమాణాల దగ్గర. మన దేశంలో ఆన్‌లైన్ చెల్లింపుల సేవలు అందించే రేజర్‌పే సంస్థ టూల్‌కు మొత్తాన్ని రూపాయలలో కాక పైసలలో ఇవ్వాలి. 500 రూపాయలు వసూలు చేయాలంటే 50000 అని రాయాలి. దశాంశ భిన్నాలతో వచ్చే లెక్కల తేడాలను తప్పించే ఈ పద్ధతిని అంతర్జాతీయంగా మరికొన్ని సంస్థలు కూడా పాటిస్తాయి, వాటి పత్రాలలో ఆ సంగతి స్పష్టంగానే ఉంటుంది. కానీ ఈ సేవ ఆధారంగా ఒక దుకాణం వారు తమ ఏజెంట్ కోసం సొంత టూల్ తయారుచేసుకుని, ఇన్‌పుట్‌కు ‘మొత్తం’ అని మాత్రమే పేరు పెట్టి వదిలేస్తే, 500 అనే సంఖ్య అందిన చోట 5 రూపాయలే వసూలవుతాయి. ఎక్కడా ఎర్రర్ రాదు, ఎవరికీ హెచ్చరిక కనిపించదు. ఇన్‌పుట్ పేరును ‘మొత్తం_పైసలలో’ అని మార్చి, వివరణలో ఒక ఉదాహరణ జోడిస్తే ఈ ప్రమాదం చాలా మటుకు తొలగిపోతుంది. తేదీల విషయమూ ఇంతే. 03-04-2026 అంటే భారతీయుడికి ఏప్రిల్ 3, అమెరికా వాసికి మార్చి 4. ఏజెంట్ శిక్షణలో రెండు అలవాట్లూ కలగలిసి ఉంటాయి. సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో ఇవ్వాలని వివరణ చెప్పి తీరాలి.

కొలతల విషయంలో అంతరిక్ష చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. అంగారకుడి వాతావరణాన్ని పరిశీలించడానికి నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న నాశనమైంది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల ప్రభావాన్ని పౌండ్-సెకన్లలో లెక్కగట్టి ఇస్తే, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ అవి న్యూటన్-సెకన్లనుకుంది. ఈ రెండింటి మధ్య తేడా సుమారు నాలుగున్నర రెట్లు. రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచార మార్పిడికి సంబంధించిన పత్రంలో మెట్రిక్ కొలతలే వాడాలని స్పష్టంగా రాసి ఉండడం ఇందులో గమనించదగిన విషయం. పత్రం సరైనదే, దాన్ని ఎవరూ అమలులో సరిచూడలేదు. అందుచేత వివరణలో రాసి ఊరుకోకుండా, వీలైన చోటల్లా ఆ నియమాన్ని టూల్ లోపలే తనిఖీ చేయించడం మేలు. బ్యాంకు శాఖలకు కేటాయించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి; మొదటి నాలుగు బ్యాంకును సూచించే అక్షరాలు, ఐదవది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు శాఖను సూచిస్తాయి. ఈ నియమం వివరణలోనూ ఉండాలి, తప్పిన కోడ్‌ను తిరస్కరించే తనిఖీ టూల్‌లోనూ ఉండాలి.

టూల్ ఏం చేస్తుందో చెప్పడం సులువు. దాన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పడమే చాలామంది మరిచిపోయే భాగం. ఒక బస్సు సంస్థ తన ఏజెంట్ కోసం ‘రద్దు’ అనే టూల్ తయారుచేసి, ‘టికెట్‌ను రద్దు చేస్తుంది’ అని ఒక వాక్యం రాసి, ‘ఐడీ’ అనే ఒక్క ఇన్‌పుట్ పెట్టిందనుకుంటే, తయారుచేసినవారి దృష్టిలో అందులో లోటేమీ కనిపించదు. చదివే ఏజెంట్ వైపు నుంచి చూస్తే ఆ వాక్యం చుట్టూ ఎన్నో సందేహాలు. ఐడీ అంటే టికెట్ నంబరా, బుకింగ్ నంబరా, ప్రయాణికుడి ఖాతా నంబరా? ఒకే బుకింగ్‌లో నలుగురుంటే నలుగురి సీట్లూ పోతాయా? రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందని ప్రయాణికుడు ఊరికే అడిగినప్పుడు, తెలుసుకోవడానికి ఈ టూల్‌నే నడపాలా? చివరి సందేహానికి ఏజెంట్ ‘అవును’ అనుకుంటే, మాటవరసకు అడిగిన మనిషి పండగ ముందు సీటు పోగొట్టుకుంటాడు.

అదే టూల్‌కు కాస్త శ్రద్ధతో రాసిన వివరణ ఈ విధంగా ఉంటుంది: “బుకింగ్‌లోని ఒక ప్రయాణికుడి సీటును రద్దు చేస్తుంది. రద్దయిన సీటును తిరిగి పొందడం సాధ్యం కాదు. తిరిగి వచ్చే మొత్తం తెలుసుకోవడానికి దీన్ని వాడకూడదు, అందుకు ‘రద్దు_రుసుము_చూపు’ టూల్ ఉంది. ప్రయాణ తేదీ మార్చమని కోరినప్పుడు కూడా ఇది వర్తించదు. నడిపే ముందు ప్రయాణికుడి పేరు, సీటు నంబరు, తిరిగి వచ్చే మొత్తం తెలియజేసి స్పష్టమైన అంగీకారం తీసుకోవాలి. బుకింగ్ నంబరులో 10 అంకెలు ఉంటాయి. మొబైల్ నంబరులోనూ 10 అంకెలే ఉంటాయి కనుక దాన్ని ఇక్కడ ఇవ్వకూడదు.” ఈ వాక్యాలలో ఒక్కటి కూడా సాంకేతికంగా గొప్పది కాదు. బస్సు స్టేషన్‌లో టికెట్ కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగికి ఇదంతా చెప్పకుండానే తెలుసు, తెలుసు కాబట్టే ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఏజెంట్ల కోసం రాయడమంటే ప్రధానంగా ఇలా అనుభవజ్ఞుల మనసులోనే ఉండిపోయిన సంగతులను కాగితం మీదికి తేవడమే.

పోలికలున్న టూల్స్ ఒకే చోట చేరినప్పుడు ఈ అవసరం మరింత పెరుగుతుంది. ‘వెతుకు’, ‘శోధించు’, ‘చూపు’ అని మూడు టూల్స్ పక్కపక్కన ఉండి, దేని పరిధి ఎంతవరకో చెప్పకపోతే, ఏజెంట్ ఒకసారి ఒకటి, మరొకసారి ఇంకొకటి ఎంచుకుంటుంది. అటువంటప్పుడు మూడింటికీ పొడుగాటి వివరణలు రాయడం కంటే రెండింటిని తీసేసి ఒక్కదానిని ఉంచడమే ఉత్తమం. వివరణ రాయబోయి రాయలేకపోతే లోపం చాలాసార్లు టూల్ రూపకల్పనలోనే ఉంటుంది.

టూల్ విఫలమైనప్పుడు వెలువడే ఎర్రర్ సందేశాన్ని కూడా వివరణలో భాగంగానే లెక్కించాలి, ఎందుకంటే ఏజెంట్ దాన్ని చదివే తన తరువాతి అడుగును నిర్ణయించుకుంటుంది. ‘ఎర్రర్ 400’ అని మాత్రమే కనిపిస్తే అది అదే తప్పును చిన్న మార్పులతో పదే పదే చేస్తుంది. ‘ప్రయాణ తేదీ గడిచిపోయింది, ఇవాళ్టి తేదీ గానీ ఆ తరువాతి తేదీ గానీ ఇవ్వాలి’ అని కనిపిస్తే సరిదిద్దుకుంటుంది. ఇంతకంటే సున్నితమైనది అసలు జవాబే రాని సందర్భం. డబ్బు బదిలీ చేసే టూల్ నుంచి నిర్ణీత సమయంలో జవాబు రాకపోతే, డబ్బు వెళ్లలేదని ఏజెంట్ భావించి మళ్లీ పంపే ప్రమాదముంది. వాస్తవానికి డబ్బు వెళ్లిపోయి, జవాబు మాత్రమే దారిలో ఆగి ఉండవచ్చు. ఒకే అభ్యర్థన రెండుసార్లు వచ్చినా పని ఒక్కసారే జరిగేలా టూల్‌ను నిర్మించడం దీనికి అసలైన పరిష్కారం. అలా నిర్మించారో లేదో, జవాబు రాకపోతే ముందు ఏ టూల్‌తో స్థితిని సరిచూసుకోవాలో వివరణ తెలపాలి. యూపీఐ వాడే ప్రతివారికీ ‘పెండింగ్’ అని కనిపించినప్పుడు మళ్లీ పంపాలా, ఆగాలా అన్న సందిగ్ధం అనుభవమే కనుక ఈ అంశం ప్రాముఖ్యాన్ని వేరే చెప్పనవసరం లేదు.

అన్నీ రాయాలన్నంత మాత్రాన ఎంతైనా రాయవచ్చని కాదు. భాషా నమూనా పాఠాన్ని టోకెన్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టుకుని చదువుతుంది. ఒకేసారి అది దృష్టిలో ఉంచుకోగల టోకెన్లకు పరిమితి ఉంది, ప్రతి టోకెన్‌కూ ఖర్చు ఉంది. వంద టూల్స్‌కు వంద పుటల వివరణ ఇస్తే, అసలు పని మొదలుకాక ముందే ఆ స్థలంలో పెద్ద భాగం నిండిపోవడమే కాక, అవసరమైన వాక్యం అనవసరమైన వాటి మధ్య కప్పబడిపోతుంది. టూల్ తిరిగి ఇచ్చే ఫలితానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆంత్రోపిక్ 2025లో వెల్లడించిన ఒక ఉదాహరణలో, ఒక సందేశాల టూల్ పూర్తి వివరాలతో ఇచ్చిన జవాబుకు 206 టోకెన్లు పట్టగా, అవసరమైన మేరకు కుదించిన జవాబుకు 72 సరిపోయాయి. ఈ లెక్కలో తెలుగు పాఠానికి చాలా కాలం పెద్ద శిక్షే పడింది. 2024 మే నెలలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓ నమూనాను విడుదల చేస్తూ ఇచ్చిన పోలికలో, ఒక చిన్న తెలుగు పాఠానికి అంతకుముందు 159 టోకెన్లు అవసరం కాగా కొత్త పద్ధతిలో 45 సరిపోయాయి. అదే పాఠానికి ఇంగ్లీషులో పాత లెక్క 27, కొత్త లెక్క 24. తేడా బాగా తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు. టూల్ వివరణలను నేటికీ ఎక్కువగా ఇంగ్లీషులోనే రాయడానికి అలవాటుతో పాటు ఇదీ ఒక కారణమని భావించవచ్చు.

వివరణ బాగుందో లేదో రాసినవారు చదివి నిర్ణయించలేరు. వారికి తెలిసినదంతా కాగితం మీద ఉన్నట్టే వారికి అనిపిస్తుంది. ఏజెంట్‌కు నిజమైన పనులు అప్పగించి, అది ఏ టూల్‌ను ఎంచుకుంది, ఏ విలువలు ఇచ్చింది, ఎక్కడ తడబడింది అన్నది నమోదు చేసి చూడడమే నమ్మదగిన పరీక్ష. ఈ రంగంలో ప్రచురితమైన రెండు అనుభవాలు దీన్ని బాగా చూపుతాయి. ప్రోగ్రాముల్లోని లోపాలు సరిచేసే ఏజెంట్‌ను తయారుచేస్తున్నప్పుడు, అది ఒక ఫోల్డర్ నుంచి మరొక ఫోల్డర్‌కు మారిన తరువాత ఫైళ్ల చిరునామాలను తప్పుగా ఇస్తున్నదని ఆంత్రోపిక్ ఇంజనీర్లు గమనించారు. ఎప్పుడూ మూలం నుంచి పూర్తి చిరునామానే ఇవ్వాలని టూల్‌ను మార్చగానే ఆ తప్పులు ఆగిపోయాయి. ఆ ఏజెంట్‌కు ఇచ్చే ప్రధాన సూచనల మీద కంటే టూల్స్‌ను మెరుగుపరచడం మీదే ఎక్కువ సమయం వెచ్చించామని వారు 2024 డిసెంబరులో రాశారు. అదే సంస్థ నమూనా వెబ్‌లో వెతికే టూల్‌ను వాడేటప్పుడు ప్రతి వెతుకులాటకూ చివర అక్కర లేకపోయినా ‘2025’ అని చేర్చి ఫలితాలను పాడుచేసుకుంటున్నదని మరొక సందర్భంలో తేలింది. నమూనాకు మళ్లీ శిక్షణ ఇవ్వకుండా, టూల్ వివరణను సవరించే దానిని సరిదిద్దారు.

మాటలతోనే ఇంత మార్పు సాధ్యమైనప్పుడు అవే మాటలతో హాని చేయడమూ సాధ్యమే. ఏజెంట్ దృష్టిలో వివరణ సమాచారం మాత్రమే కాదు, కొంతవరకు ఆదేశం కూడా. ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ 2025 ఏప్రిల్‌లో చేసిన ఒక ప్రదర్శనలో, రెండు సంఖ్యలను కూడే సామాన్యమైన టూల్ వివరణలోనే, వినియోగదారు కంప్యూటర్‌లోని రహస్య తాళాల ఫైలును చదివి రహస్యంగా పంపమనే సూచన దాగి ఉంది. ఏజెంట్ ఆ సూచనను పాటించింది. వినియోగదారుకు తెర మీద కనిపించేది టూల్ పేరు మాత్రమే కావడం వల్ల అనుమానానికి తావుండదు. ఎంసీపీ ఒప్పందంలో ‘ఇది చదవడానికి మాత్రమే’, ‘ఇది నష్టం కలిగించగలదు’ అని టూల్ మీద గుర్తులు పెట్టే వీలుంది, కానీ నమ్మదగిన చోటు నుంచి రాకపోతే ఆ గుర్తులను నమ్మకూడదని అదే ఒప్పందం హెచ్చరిస్తుంది. ‘అనుమతి లేకుండా డబ్బు పంపకూడదు’ అని వివరణలో రాయడం అవసరమే గానీ, దాన్నే కాపలాగా భావించడం అమాయకత్వం. అనుమతి లేనిదే డబ్బు కదలని ఏర్పాటు బ్యాంకు వ్యవస్థలోనే ఉండాలి.

ఈ విషయం తెలుగువారికి దూరపుదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరిట తొలి విడతగా 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించడం ప్రారంభించింది. మీ సేవ కేంద్రాలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఏళ్లుగా ప్రజలకు అలవాటయ్యాయి. ఇటువంటి సేవలను రేపు ఏజెంట్లు నడపాలంటే, ఇక్కడి జీవితంలో అందరికీ తెలిసిన సంగతులు టూల్ వివరణలోకి ఎక్కాలి. తెలుగువారి పేరులో సాధారణంగా ఇంటిపేరు ముందు వస్తుంది; ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులున్న టూల్ ముందు ఏజెంట్ ఇంటిపేరును మొదటి గడిలో పెడితే, ధ్రువపత్రం మీదో విమాన టికెట్ మీదో పేరు తిరగబడుతుంది. ‘పాస్‌పోర్టులో ఇచ్చిన పేరు, ఇంటిపేరు విడిగా ఎలా ఉన్నాయో అలాగే రాయాలి’ అన్న ఒక్క వాక్యం ఉంటే ఈ చిక్కు చాలావరకు రాదు. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఇద్దరు రెండు రకాలుగా రాస్తారు. పేరుతో వెతికే టూల్ అక్షరం అక్షరం సరిపోతేనే జవాబిస్తుందా, దగ్గరి రూపాలను కూడా చూస్తుందా అన్నది చెప్పకపోతే, ఉన్న మనిషినే లేదని ఏజెంట్ చెప్పి పంపేస్తుంది.

జిల్లాల సంగతి ఇంకా చిక్కైనది. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అనకాపల్లి రైతు దగ్గరి పాత కాగితాలలో విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, భాషా నమూనా శిక్షణలో చదివిన పాఠంలోనూ చాలా భాగం పాత విభజన నాటిదే అయివుంటుంది. ‘జిల్లా’ అనే ఇన్‌పుట్‌కు పాత పేరు ఇవ్వాలా, కొత్త పేరు ఇవ్వాలా, పాత పేరు వస్తే టూల్ తానే మార్చుకుంటుందా అన్నది ఆ గడి పక్కనే రాసి ఉండాలి. ఒకే పేరుతో అనేక గ్రామాలున్న రాష్ట్రాలలో మండలం పేరు లేకుండా గ్రామాన్ని వెతకకూడదని కూడా చెప్పాలి. అలాగే పరీక్షించేటప్పుడు చక్కటి వాక్యాలతో సరిపెట్టకుండా, జనం నిజంగా అడిగే తీరులో, సగం తెలుగు సగం ఇంగ్లీషుగా, ‘ఎల్లుండి పొద్దున్న’ అనీ ‘రెండున్నర లక్షలు’ అనీ అడిగి చూడాలి.

కాబట్టి ప్రభుత్వ శాఖలు గానీ ప్రైవేటు సంస్థలు గానీ ఏజెంట్ల కోసం టూల్స్ తయారుచేయించేటప్పుడు, వివరణ రాసే పనిని ఒప్పందం చివరి రోజున ప్రోగ్రామర్ చేతిలో పెట్టి ముగించకూడదు. మీ సేవ కౌంటరులో, బ్యాంకు శాఖలో, టికెట్ కిటికీ వెనుక ఏళ్ల తరబడి అర్జీలు తీసుకున్న సిబ్బందిని ప్రోగ్రామర్ పక్కన కూర్చోబెట్టి, జనం ఎక్కడ పొరబడతారో, ఏ కాగితం ఏ కాగితంలా కనిపిస్తుందో, ఏ పని చేశాక వెనక్కి తీసుకోలేరో వారి నోట చెప్పించి, ఆ మాటలను వివరణలో చేర్చాలి.